ఒక దెబ్బంటే ఆపమని

తెల్లకోట్లకి నీళ్ళు చిలకరించి, ఒక్కొక్కదాన్నీ గట్టిగా చుట్టి, పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నిలబెడుతోంది ఆమె. ఇరవై ఏడయ్యాయి, ఇంకా పదమూడున్నాయి. నీళ్ళు చల్లాక అరగంటైనా చుట్టలోనే ఉంచాలి. తడి గుడ్డంతా పాకాలి. ఆ ఓపిక లేనివాళ్ళు చల్లీ చల్లగానే పెట్టె పెడతారు. చల్లినచోట మెరుపు, చల్లనిచోట ముడత. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని కాబట్టి చేతులు వాటి మానాన అవి చేసుకుపోతాయి, బుర్ర ఎక్కడ తిరిగినా ఫరవాలేదు. ఇవాళ అది మీటరు చుట్టూ తిరుగుతోంది.

మీటరు ముందుగదిలోనే ఉంది, గుమ్మం పక్క గోడకి. దాని ముందు స్టూలెక్కి ఆమె మొగుడు నిలబడ్డాడు. అతనికి ఎడమకాలు రెండంగుళాలు పొట్టి. అందుకని ఎక్కడ నిలబడ్డా ఒక భుజం దించి, ఎవరో చెవిలో చెప్పబోతున్న మాట వింటున్నట్టుంటాడు. పదకొండేళ్ళుగా అలాగే నిలబడుతున్నాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు.

"చూస్తున్నావా?" అన్నాడు.

"చూడ్డానికేముంది, పెళ్ళిచూపులా?"

తెల్ల పింగాణీ ఫ్యూజుని రెండు వేళ్ళతో పట్టుకుని, కదులుతున్న పన్ను పీకినట్టు పీకేశాడు. తలమీద ఫ్యాను ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంది. అతను ఫ్యూజుని చొక్కా జేబులో వేసుకుని, జేబుకి గుండీ పెట్టుకున్నాడు.

"సాయంత్రం దాకా ఇది ఇక్కడే. నువ్వు కాళ్ళు పట్టుకున్నా ఇవ్వను."

"నీ కాళ్ళు పట్టుకోవాలంటే ఒకదానికి ఎక్కువ వంగాలి, ఒకదానికి తక్కువ వంగాలి. నాకంత ఓపిక లేదు."

అతను నవ్వాడు. కాలి మీద జోకులు వీధిలో ఎవరేసినా ఊరుకోడు, ఆమె వేస్తే మాత్రం నవ్వుతాడు.

వీధిలో అతన్ని లైన్‌మన్ అంటారు. ఆఫీసు ఎన్నడూ ఇవ్వని పేరది. పదిహేడేళ్ళు కరెంటాఫీసు కోసం స్తంభాలెక్కాడు, రోజుకూలికి. ప్రతి స్తంభానికీ ఓ నంబరు పలక ఉండేది, ఎక్కేవాడికి ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం పైన తీగ ముడేస్తుంటే, లైను ఆపేశామని చెప్పినవాళ్ళే, మనిషి ఇంకా పైనున్నాడన్న సంగతి మరిచి మళ్ళీ వదిలారు. వాళ్ళలో ఒక పద్ధతుండేది. కింద కాపలా ఉన్నవాడు పానాతో స్తంభం మీద ఒక్క దెబ్బ కొడితే పైవాడు ఉన్నపళంగా చేతులు తీసెయ్యాలి. రెండు దెబ్బలంటే కానివ్వమని. ఆరోజు కిందివాడు కొట్టలేదు. టీ తాగడానికి వెళ్ళాడు. మనిషి చస్తాడా బతుకుతాడా అన్నది ఒక్కోసారి టీ ఎంత వేడిగా ఉందన్న దానిమీద ఉంటుంది. అతను చావలేదు. పడ్డాడు. కాలు విరిగి, అతుక్కోవడంలో పొట్టయింది. ఆఫీసుకి పోతే, ఆరోజు హాజరు పట్టీలో నీ పేరే లేదన్నారు. పేరు లేనివాడు పడితే పడ్డట్టా?

"వాళ్ళ కరెంటు నా ఇంట్లో వెలగడానికి వీల్లేదు" అన్నాడు మంచం మీద నుంచే. అనడానికి నిమిషం పట్టలేదు. చెయ్యడానికి పదకొండేళ్ళు పట్టింది.

మొదటి సోలార్ ప్లేటు తలుపంత కూడా లేదు. దానికి ఒక బల్బు. ఆ బల్బు కింద సాయంత్రమంతా కూచుని సినిమా చూసినట్టు చూశాడు. తర్వాత ఫ్యానుకోసం ఇంకోటి, టీవీకని ఇంకోటి. ఎవరో పగిలిందని పారేస్తే మూల అతికించి తెచ్చిందొకటి, కూతురు పెళ్ళై వెళ్ళిన ఏడాది ఇల్లు బోసిగా ఉందని తెచ్చిందొకటి. ఇల్లు బోసిగా ఉంటే సోలార్ ప్లేటు తెచ్చే మనిషిని ఆమె ఇంకెక్కడా చూడలేదు. ప్లేటు వచ్చినప్పుడల్లా డాబా మీద ఆమె బట్టలారేసుకునే తీగ ఒకటి పోయింది. ఎనిమిది ప్లేట్లు, ఎనిమిది తీగలు. ఇప్పుడు దుప్పట్లారెయ్యాలంటే పక్కింటివాళ్ళ గోడని బతిమాలాలి.

అన్నీ ఆ ప్లేట్లిచ్చే పైకరెంటు మీద నడిచినా ఒకటి మాత్రం మొరాయించింది. ఇస్త్రీపెట్టె. "బల్బు పిట్ట, ఫ్యాను మేక, ఈ పెట్టె ఏనుగే" అనేవాడు. ఆ ఏనుగు మీదే ఇల్లు నడిచింది, అతను పడ్డప్పటి నుంచీ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనుకోరు.

రెండేళ్ళ కిందట పెట్టెని కూడా పైకరెంటుకి కలిపాడు, అరకొరగా. బ్యాటరీలూ, ఎంత మిగిలిందో చూపించే ముల్లూ డాబా మీది రేకుల గదిలో ఉంటాయి. ఆమె కింద ముందుగదిలో ఉంటుంది. మధ్యలో నీళ్ళ ట్యాంకు నుంచి కిందికి దిగే ఇనప పైపు. దాన్నే అతను స్తంభం చేసుకున్నాడు. ముల్లు పడితే పానాతో ఒక దెబ్బ కొడతాడు. ఖంగుమంటుంది గదంతా. ఆమె పెట్టె నిలబెట్టి, స్విచ్చి మార్చి, ఆఫీసు కరెంటు మీదకి వెళ్తుంది. ఎండ తేరుకుంటే రెండు దెబ్బలు. మళ్ళీ మార్చాలి. మబ్బుల రోజైతే చొక్కాకి మూడుసార్లు. పెట్టె కింద చొక్కా మీద కన్నుంచాలా, పైపు మీద చెవుంచాలా? రెండు కాలర్లు మాడాయి. ఒక కాలర్ తాలూకు పెద్దమనిషి మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు.

పోయిన నెల రెండు పెద్ద ప్లేట్లు వచ్చాయి, నిలువెత్తువి. వాటిని పొద్దుతోపాటు తిప్పుకునేలా ఇనప కాళ్ళ మీద నిలబెట్టాడు. పాత బ్యాటరీలన్నీ దింపేసి నాలుగు కొత్తవి పెట్టడం మొదలుపెట్టాడు, ఆఖరిది నిన్ననే ఎక్కింది. ఆమె అడిగింది, ఉన్నవాటి పక్కన రెండు కొత్తవి పెడితే సరిపోదా అని.

"పాతదాని పక్కన కొత్తది పెడితే కొత్తది పాతదవుతుంది గానీ, పాతది కొత్తదవదే."

"మన పెళ్ళప్పుడు ఈ మాట మా అమ్మకి ఎవరూ చెప్పలేదు" అంది. అతను ఆమె కంటే పన్నెండేళ్ళు పెద్ద.

పందెం అప్పుడే పడింది. ఆసుపత్రి కోట్లు నలభై వచ్చే రోజు, పొద్దున ఫ్యూజు పీకేస్తే, సాయంత్రం ఐదింటికి ఆయమ్మ వచ్చేలోపు అన్నీ పైకరెంటు మీదే అవ్వాలి. ఒక్కసారి ఆగమన్నా ఆమె గెలిచినట్టు. గెలిస్తే ఫ్యూజు పెట్టేసి, ప్లేట్లు సగం దింపేసి, ఆమె తీగలు ఆమెకి కట్టివ్వాలి. మళ్ళీ ఈ మాట ఇంట్లో ఎత్తకూడదు. అతను గెలిస్తే, మీ మీటరూ మీ తీగా మీరే పట్టుకుపొండని రాయించి పెట్టుకున్న అర్జీ మర్నాడే ఆఫీసులో ఇస్తాడు. ఆ అర్జీ మూడు వారాలుగా బట్టల బీరువాలో, మడత నలక్కుండా ఆమె చీరల కింద ఉంది.

"ఇంకోమాట" అన్నాడు నిచ్చెన మొదటి మెట్టు మీద చెయ్యి వేసి. "ఇవాళ్టినుంచి రెండు దెబ్బలుండవు. ఆపమనాలంటేనే కొడతా. కొట్టలేదంటే అంతా బాగుందన్నట్టే. మధ్యలో ఏమయ్యా, ఏమయ్యా అని అరవకు, నా లెక్క తప్పుతుంది."

"నీతో మాట్లాడకుండా ఉంటే చాలా? ఈ పందెమేదో ముందే వేసుండాల్సింది."

అతను ఎక్కాడు. పొట్టికాలు ముందు, మంచికాలు వెనక. పద్నాలుగు మెట్ల ఇనప నిచ్చెన. ఆమె దాన్నెక్కి రెండేళ్ళయింది, మోకాళ్ళు ఒప్పుకోవు. భోజనాలూ మంచినీళ్ళూ తాడుకి కట్టి పైకి పంపుతుంది.

ఆమె మొదటి కోటు విప్పి బల్ల మీద పరిచింది.

కోటుకి ఒక వరసుంది. ముందు కాలర్ లోపలివైపు, తర్వాత బయటివైపు, తర్వాత భుజాలు, చేతులు, జేబులు, ఆఖర్న వీపు. వీపు ముందు చేస్తే చేతులు చేసేటప్పుడు మళ్ళీ నలుగుతుంది. ఇది ఎవరూ నేర్పలేదు, నలిపీ నలిపీ నేర్చుకుంది. పెట్టె పిడి ఆమె అరచేతిలో ఎక్కడ ఆనుతుందో అక్కడ చర్మం చెక్కలా అయింది. కుడి మోచెయ్యి ఎడమదానికంటే లావు. పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడి చేసే పనికి మోకాళ్ళు చెల్లించాయి. కోట్లేసుకునే డాక్టర్లలో ఒకాయనకి చూపించుకుంటే, నిలబడకండి అన్నాడు. అప్పుడాయన వేసుకున్న కోటు ఆమె నిలబడి చేసిందే.

అతను ఓడిపోవాలనే ఉంది ఆమెకి. కోపంతో కాదు. కోపం ఆరో ప్లేటు దగ్గరే అయిపోయింది. ఒట్టి అలసట. తీగలు కట్టుకుని, దుప్పట్లు తన డాబా మీదే ఆరేసుకుని, పైపు వైపు చెవి పెట్టకుండా ఒక్క చొక్కా చేసుకుంటే చాలు. పగ అతనిది, పరుగు తనది. ఇంకెన్నాళ్ళు?

పైన అరగంటకోసారి కిర్రుమంటోంది. ప్లేట్లు పొద్దు వైపు తిప్పుతున్నాడు. పదిన్నరకి కిందికి దిగొచ్చాడు. మొహమంతా చెమట, పెదాల చుట్టూ తెల్లగా.

"ఏంటా చెమట?"

"పైనున్నది సూర్యుడు, చంద్రుడు కాదు."

చెంబెడు నీళ్ళు తాగాడు. ఎడమ భుజం కుడిచేత్తో పిసుక్కుంటున్నాడు.

"భుజమేమైంది?"

"ఆఖరి బ్యాటరీ నిన్న తాడేసి లాగాగా. భుజం సన్మానం చేస్తుందా మరి?"

"కాసేపు పడుకో."

"పడుకుంటే నువ్వు గెలుస్తావు. ఎన్నయ్యాయి?"

"పదకొండు."

"వేడి తగ్గిందా ఎక్కడన్నా?"

ఆమె జేబు మడత సరిచేసింది.

"తగ్గలేదని చెప్పడానికి నోరు రావట్లేదు చూడు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ కుట్టుమిషను కింద నుంచి నూనె సీసా తీసుకున్నాడు. "ప్లేట్ల కాళ్ళు మరీ కిర్రుమంటున్నాయి. వీధంతా నన్నే చూస్తోంది."

ఆ తర్వాత కిర్రుమనలేదు. నూనె బాగానే పట్టింది అనుకుంది ఆమె.

ఒంటిగంటకి క్యారియర్ తాడుకి కట్టి రెండుసార్లు లాగింది. తాడు పైకి పోయింది, మధ్యమధ్య ఆగుతూ. పిట్టగోడ మీద నుంచి అతని తల కనిపించలేదు, మాట మాత్రం వచ్చింది.

"ఏం కూర?"

"తిని చూడు."

"చెప్తేనే తింటా."

"వంకాయ."

"మళ్ళీనా!"

ఆమె లోపలికొచ్చి, నిలబడే నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని పద్దెనిమిదో కోటు అందుకుంది.

రెండింటికి మబ్బు పట్టింది. గుమ్మంలో వెలుగు బూడిదరంగులోకి తిరిగింది. వీధిలో ఎవరో ఆరేసిన బట్టలు గబగబా తీస్తున్నారు. ఆమె చెయ్యి పెట్టెని గుడ్డ మీద నుంచి ఎత్తి గాల్లోనే ఆపేసింది, చెప్పకుండానే. కళ్ళు పైపు వైపు పోయాయి. ఇప్పుడు కొడతాడు. రెండేళ్ళలో ఇంత మబ్బుకి కొట్టని రోజు లేదు.

కొట్టలేదు.

పెట్టె మీది ఎర్రదీపం వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. వేలు తడిచేసి అడుగున తాకించింది. చుయ్‌మంది. కాలర్ మీద ఆనించింది, జారింది. భుజాలు, చేతులు, జేబులు, వీపు. ఇంకో కోటు. మబ్బు పోలేదు. ఇంకో కోటు. ప్రతి కోటుకీ వీపు దగ్గరికొచ్చేసరికి ఒకసారి పైపుని చూస్తోంది. ఇరవై నాలుగో కోటు మడత పెడుతూ, "కొట్టకు, నీకు పుణ్యముంటుంది" అంది పైపుతో. అన్నాక తనే ఉలిక్కిపడింది. పొద్దున కొడితే బాగుండుననుకున్న మనిషేనా? ఎప్పుడు మారింది తను? బహుశా మారలేదు. మూడు గంటలపాటు ఆగకుండా, చెవి ఎక్కడా తాకట్టు పెట్టకుండా పని చేసుకోవడం ఎలా ఉంటుందో మరిచిపోయింది, అంతే. ఒంటికి సుఖం తెలిశాక మనసు పందెం గుర్తుపెట్టుకోదు.

మూడింటికి వీధిలో కరెంటు పోయింది. ఆమెకి తెలియలేదు. ఎదురు కొట్టువాళ్ళ ఫ్యాను ఆగి, లోపలున్నవాళ్ళందరూ వీధిలోకొచ్చాక తెలిసింది. రెండు నిమిషాల్లో పక్క క్షౌరశాల ఆయన వచ్చాడు. ఒక చేతిలో మిషను, ఇంకో చేత్తో మెడకి తువ్వాలు చుట్టుకున్న మనిషి రెక్క. ఆ మనిషి తల సగం నున్నగా, సగం పొదలా ఉంది.

"వదినా, ఓ ప్లగ్గు ధర్మం చెయ్యి. ఈయన ఇలాగే ఇంటికెళ్తే వాళ్ళావిడ సగమే రానిస్తుంది."

"స్టూలు మీద కూచోబెట్టు. వెంట్రుకలు కోట్ల మీద పడ్డాయంటే నీ తల గొరుగుతా."

"గొరుగు, నాకూ తీరికలేక వారమైంది." మిషను బర్రుమంది. ఫ్యాను తిరుగుతోంది, పెట్టె కాలుతోంది, మిషను నడుస్తోంది. వీధిలో జనం గుమ్మం ముందు నిలబడి చూస్తున్నారు. "ఏడీ మా అన్న? ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు వస్తాడు? వచ్చి ఓసారి మీసం తిప్పి పొమ్మను."

ఆమె గుమ్మంలోకి వెళ్ళి తలెత్తింది. "విన్నావా? వీధిలో కరెంటు పోయింది. మనకే ఉంది!"

"పడుకునుంటాడు" అంది లోపలికొస్తూ. "తిన్నాక కునుకు తియ్యనిదే కుదరదు. ఆ ప్లేట్ల నీడలో చాపొకటి దాచాడు."

"పడుకోనీ. ఇవాళ ఈ వీధికి జమీందారు ఆయనే. మనమే గట్టిగా మాట్లాడకూడదు." క్షౌరశాల ఆయన గొంతు తగ్గించాడు. "నిజంగానే రేపా అర్జీ తీసుకెళ్తాడా?"

"తీసుకెళ్తాడు."

"వాళ్ళకి ఏ బల్ల దగ్గర తీసుకోవాలో కూడా తెలీదు వదినా. కరెంటియ్యండని అర్జీలు చూశారుగానీ, మీ కరెంటు మీరే ఉంచుకోండన్న అర్జీ వాళ్ళ తాతలు కూడా చూసుండరు. నేను రాసేటప్పుడే అనుకున్నా, ఇది అర్జీ కాదు, చెంపదెబ్బని."

"మరి తప్పుల్లేకుండా రాశావా?"

"చెంపదెబ్బకి తప్పులేంటి వదినా!"

స్టూలు మీది మనిషి కూడా నవ్వాడు, అతని తల ఇప్పుడు రెండువైపులా ఒకేలా ఉంది.

వాళ్ళు వెళ్ళాక ఆమె మళ్ళీ పనిలో పడింది. ముప్ఫై రెండు, ముప్ఫై మూడు. పైపు వైపు చూడటం మానేసింది. ఎలా చెప్పాలా అని ఆలోచిస్తోంది. గెలిచావు అని నేరుగా అంటే మీద కూచుంటాడు, వారం రోజులు భరించలేం. ఏమీ అనకుండా, ఆ అర్జీ బీరువాలోంచి తీసి కంచం పక్కన పెడితే? అది బాగుంటుంది. అతనేమంటాడో కూడా తెలుసు. చూశావా, అంటాడు. చూడ్డానికేముంది, అనాలి తను.

ఐదుకి పది నిమిషాలుండగా నలభయ్యో కోటు వీపు అయింది. ఆసుపత్రి ఆయమ్మ ఆటో దిగి, ఒక్కో కట్టకి పదిచొప్పున లెక్కపెట్టుకుంది.

"వీధంతా కరెంటు లేదంట కదా అక్కా, నీ కోట్లు చేతులు కాల్చేస్తున్నాయేంటి?"

"మా ఆయన చేసిన కరెంటు" అంది ఆమె.

పదకొండేళ్ళలో ఆ మాట ఆ విధంగా అనడం అదే మొదటిసారి. ఇంతవరకూ "మా ఆయన పిచ్చి" అనే అంది, ఎవరడిగినా.

ఆయమ్మ వెళ్ళాక ఆమె పెట్టె ఆపబోయి ఆగింది. లోపల దండెం మీద అతని నీలం చొక్కా ఉంది. ఇస్త్రీ ఆవిడ మొగుడు నలిగిన చొక్కాతో తిరగడం వీధికి పాత జోకు. ఊళ్ళో చొక్కాలన్నీ నిలబెట్టే చెయ్యి ఇంట్లో చొక్కా దగ్గరికొచ్చేసరికి పడిపోయేది. అతనూ అడగలేదు. రేపు ఆఫీసుకి ఆ చొక్కాతో వెళ్తే, గుమ్మం దగ్గర వాచ్‌మన్ కూడా లోపలికి రానివ్వడు. నీళ్ళు చిలకరించి, చుట్టి, బల్ల మీద పెట్టి, పక్కన కూచుంది. అరగంట కూచుంది. డాక్టర్ల కోట్లకి ఇచ్చిన అరగంట మొగుడి చొక్కాకి ఎందుకివ్వకూడదు? తర్వాత విప్పి, కాలర్ లోపలివైపు, బయటివైపు, భుజాలు, చేతులు, జేబు, వీపు. గుండీలన్నీ పెట్టి, మడిచి, బల్ల మధ్యలో పెట్టింది.

పొద్దు వాలుతోంది. క్యారియర్ ఇంకా కిందికి రాలేదు. ఇంతసేపు పడుకునే మనిషి కాదు. బెట్టు చేస్తున్నాడు. తనే పైకొచ్చి ఒప్పుకోవాలన్నమాట.

తాళం కప్ప తీసుకుని పైపు దగ్గరికెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆ పైపుని కిందినుంచి ఎవరూ కొట్టలేదు. దెబ్బలన్నీ పైనుంచే వచ్చేవి. ఎన్ని కొట్టాలో తెలియక మూడు కొట్టింది, దిగిరమ్మని. ఖంగుమన్న మోత పైకి పోయి, ట్యాంకులో తిరిగి, ఆగిపోయింది.

ఇంకోసారి కొట్టింది.

అప్పుడు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నిచ్చెన పట్టుకుంది. ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి, మోకాళ్ళని తిట్టుకుంటూ, అతన్ని తిట్టుకుంటూ, పద్నాలుగు మెట్లు ఎక్కింది.

మొదట కనిపించినవి ప్లేట్లు. పొద్దు పడమటి ఇళ్ళ వెనక్కి దిగింది. కొత్త ప్లేట్లు రెండూ ఇంకా నడినెత్తి వైపే చూస్తున్నాయి. ఒంటిగంటకి ఎటు తిప్పాడో అటే. తర్వాత ఎవరూ తిప్పలేదు. తిప్పకుండానే నలభై కోట్లూ అయ్యాయి, మబ్బులోనూ అయ్యాయి.

అతను వాటి కింద పైపుకి చేరబడి కూచుని ఉన్నాడు. టోపీ కళ్ళమీదికి జారింది. పక్కన క్యారియర్, మూత తియ్యలేదు, తాడు ముడి కూడా విప్పలేదు. ప్లేట్లు తుడిచే గుడ్డ ఒళ్ళో ఉంది. ఆమె చెయ్యి చాచింది. ముప్ఫై ఏళ్ళు వేడి చూసిన చెయ్యి అది. అతని చెంప మీద వేళ్ళు పెట్టిన క్షణమే తెలిసిపోయింది, ఇది ఎండ వేడి మాత్రమేనని.

కుడిచెయ్యి పక్కకి చాచి ఉంది. ఆ చేతికింద పానా.

ఆమె అక్కడే నేల మీద కూలబడి ఆ చెయ్యినీ పైపునీ చూసింది. జానెడు దూరం. నొప్పి వచ్చినప్పుడు పానా అందుకున్నాడు, అది మాత్రం ఖాయం. ఒక్క దెబ్బ కొడితే తను పెట్టె వదిలేసి, పైపు ఎందుకు మోగిందా అని గుమ్మంలోకొచ్చేది. ఏమయ్యా అని అరిచేది. జవాబు రాకపోతే ఎక్కేది, మోకాళ్ళు ఉన్నా పోయినా. ఒక్క దెబ్బ చాలు. కానీ ఒక దెబ్బంటే ఆపమని. ఒక దెబ్బంటే ఓడిపోయానని. కొట్టే ఓపిక లేక కొట్టలేదా? ఓపిక ఉండీ, కాసేపట్లో తగ్గుతుందిలే అని, సగం కోట్లయ్యుంటాయి ఇంకెంతసేపని, ఆగాడా?

అడగడానికి మనిషి ఉన్నాడు ఎదురుగా. జవాబు లేదు.

ఆమె అరుపుకి క్షౌరశాల ఆయన నిచ్చెనెక్కాడు, వెనకే ఎదురు కొట్టువాళ్ళు. నలుగురు కలిసి, తాళ్ళు కట్టి, బ్యాటరీలు పైకెక్కించిన దారినే అతన్ని కిందికి దించారు. ముందుగదిలో మనిషి పట్టే చోటు ఇస్త్రీబల్ల ఒక్కటే. దాని మీదే పడుకోబెట్టారు. మడతలు వేసి పరిచిన దుప్పటి ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆమె నలిగిన చొక్కా విప్పి, నీలం చొక్కా తొడిగింది. మొగుడికి చొక్కా తొడగడం ఆసుపత్రి రోజుల తర్వాత ఇదే. చెయ్యి సులువుగా పట్టలేదు, భుజం దగ్గర ముడతపడింది. అరచేత్తో రాసింది. పోలేదు.

వీధిలో కరెంటు ఇంకా రాలేదు. జనం ఒక్కొక్కరే వచ్చి గోడవారన నిలబడుతున్నారు. క్షౌరశాల ఆయన ఆమె పక్కకొచ్చి వంగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, అమ్మాయికి ఫోను చేశాను, బయల్దేరింది. వచ్చేపోయేవాళ్ళుంటారు. వీధిలో కరెంటు వస్తే అందుతుంది, ఆ ఫ్యూజు ఎక్కడుందో చెప్పు, పెట్టేస్తా. పైది మధ్యలో ఆగిపోతే బాగుండదు."

"ఆగదు" అంది ఆమె.

పాత చొక్కా జేబు గుండీ విప్పి ఫ్యూజు తీసింది. పింగాణీ మీద అతని వేళ్ళ మసి ఉంది. దాన్ని నీలం చొక్కా జేబులో వేసి, జేబుకి గుండీ పెట్టింది. తర్వాత బీరువా తీసి, చీరల కిందనుంచి అర్జీ తెచ్చి క్షౌరశాల ఆయన చేతికిచ్చింది.

"రేపు కాదు. కార్యక్రమాలన్నీ అయ్యాక తీసుకెళ్ళు. ఏ బల్ల దగ్గరో తెలీదంటే, తెలిసేదాకా అక్కడే కూచో."

ఆయన తలూపాడు. ఆమె బల్ల పక్కన స్టూలు మీద కూచుంది. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది, బల్బు వెలుగుతోంది. ఆమె చెవి మాత్రం, ఇంతమంది మాటల మధ్య, మూలనున్న పైపు వైపే ఉంది.

డాబా మీదనుంచి అందరూ అన్నీ తెచ్చారు, క్యారియర్ తెచ్చారు, టోపీ తెచ్చారు, నూనె సీసా కూడా తెచ్చారు. పానా ఒక్కటే అక్కడ ఉండిపోయింది, పైపుకి జానెడు దూరంలో, నోరు తెరుచుకుని.